రానీ అన్న మాట

పొద్దంతా మిషను తొక్కి తొక్కి బిక్షం కాళ్లు పీక్కుపోతున్నాయి. అమీర్‌పేటలో టైలరు పని అంటే మాటలా! ఇల్లు చేరి గోడకు ఒరిగాడో లేదో, మోతీ తాడు నోట కరుచుకుని ఎదుట నిలబడింది. ఏడాది నిండని కుక్క. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు గదా, దీని దగ్గర ఆ సామెత తిరగబడింది. బయట మనిషి కనబడితే చాలు, మీద పడేది. ఆమధ్య పాలవాడి పిక్క పట్టింది.

"ఇంకొక్కరిని కరిచిందా, మున్సిపాలిటీ కుక్కల బండిని పిలిపిస్తానయ్యా బిక్షం" అన్నాడు ఇంటి యజమాని రామ్మోహనరావు. పిల్లలు లేని బిక్షం భార్య చంద్రావతికి మోతీయే కొడుకు. మొగుడి నోట ఆ సంగతి విన్న రోజు ఆమె అన్నం ముట్టలేదు.

అందుకే బిక్షం పోయి బాబూ మియాను పట్టుకున్నాడు. ఒకప్పుడు పెద్ద బంగళాలో కుక్కలను సాకిన మనిషి.

"దానికి కోపం గాదు భాయ్, ఫికర్. నిన్ను కాపాడాలని దాని తండ్లాట. ఎవరన్న ఎదురొస్తే తాడు గుంజకు. నిలబడి, జర నిమ్మళంగ 'రానీ' అను. ఊకుంటె బిస్కటు పెట్టు. నువ్వు రానిస్తెనే అది రానిస్తది."

మందు పనిచేసింది. ఆ మాట వినగానే మోతీ పక్కకు జరిగి, కూర్చుని, జేబు వంక చూసేది. హమ్మయ్య, బతికిపోయాం అనుకున్నాడు బిక్షం.

ఆ సాయంత్రం మోతీని తిప్పుతూ పంజాగుట్ట శ్మశానం గోడ వెంట నడుస్తుండగా కరెంటు పోయింది. గుప్పున తడిమట్టి వాసన. వాన పడి ఎన్నాళ్లయిందని! మోతీ ఆగింది. మెడ మీద వెంట్రుకలు నిక్కాయి. గోడకున్న చిన్న గేటు వైపు గుర్రుమంది. అక్కడ ఎవరూ లేరు.

"ఏముందిరా, నీ మొహం! నడువు."

కదల్లేదు. బిక్షం కాళ్లకు అడ్డం తిరిగి, గొంతు చించుకుని మొరిగింది. ఈ గోల రామ్మోహనరావు చెవిన పడితే ఇంకేమైనా ఉందా? బిక్షానికి విసుగొచ్చింది. నిలబడే ఓపిక కూడా లేదు. నోటికి అలవాటైన మాట దానంతట అదే వచ్చేసింది.

"రానీ."

మోతీ నోరు మూసింది. అతని ముఖంలోకి ఒకసారి చూసింది... పక్కకు జరిగింది. బిస్కటు ఇస్తే ముట్టలేదు. బిక్షం దాన్ని తిరిగి జేబులో వేసుకున్నాడు.

ఇంటిదాకా మోతీ తోక ముడుచుకునే నడిచింది. తనకూ బిక్షానికీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా వదిలి.

శ్మశానం పక్కనుంచి వచ్చి కాళ్లు కడగకుండా గడప తొక్కరు. బిక్షం తాడు వదిలేసి నల్లా దగ్గరికి పోయాడు. మోతీ లోపలికి పోయింది. దాని వెనకే... తలుపు ఇంకొంచెం తెరుచుకుంది.

కాళ్లు కడుక్కుని వచ్చేసరికి మోతీ గడపకు అడ్డం నిలబడి ఉంది. గుర్రుమంటోంది. అతన్ని చూసే.

"మోతీ... నేనేరా."

లోపల లాంతరు వెలుగు. చంద్రావతి గొంతు, గుసగుసగా:

"గిదేంది, గిట్ల గుర్రుమంటుంది? బయట ఎవరయ్యా?"

ఎవరిని అడుగుతోంది? లోపలినుంచే జవాబు వచ్చింది. అలసిన గొంతు. అచ్చం తన గొంతే.

"రానీ."

మోతీ పక్కకు జరిగింది. కూర్చుని, లోపలికి చూస్తూ తోక ఊపింది. బిక్షం జేబు తడుముకున్నాడు. ఖాళీ...

లోపల పెళుక్కున బిస్కటు విరిగిన చప్పుడు.