పళ్ళ డాక్టర్ చెప్పిన రివ్యూ

"నోరు బాగా తెరవండి. ఇంకా... నిన్న సినిమా హాల్లో నేను ఆవలించానే, అంత!"

పళ్ళ డాక్టర్ అలా అనగానే కుర్చీలో పడుకున్న యువకుడు బుద్ధిగా నోరు తెరిచాడు. మత్తు ఇంజెక్షన్‌తో కింది పెదవి ఉందో ఊడిందో కూడా అతనికి తెలియడం లేదు. బుగ్గ నిండా దూది. మాస్క్ పైన ఆమె కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె నవ్వు ముందుగా అక్కడే మొదలవుతోంది.

"ఏం సినిమా అనుకున్నారు? రెక్కల ఏనుగులు, మాయ కత్తి, మూడున్నర గంటలు! హీరో గుర్రం ఎక్కడానికే పావుగంట. ఎక్కాక జుట్టు గాలికి ఎగరడానికి ఇంకో పావుగంట. తీరా యుద్ధం మొదలయ్యేసరికి మిగతాది రెండో భాగంలో చూసుకోమన్నారు. ఇంటికెళ్తే మా నాన్న నన్ను గుర్తుపట్టడమే గొప్ప!"

యువకుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎడిటర్ అని ఒకడుంటాడుగా, ఆ మహానుభావుడు ఏ మూల గుర్రుపెట్టి నిద్రపోయాడో!"

అతను గుడ్లు తేలేశాడు. ఆ మహానుభావుడు తనే. స్టూడియోలో అందరూ అతన్ని పిలిచేదే 'కత్తెర' అని.

"ఏ... ఏఏ..." అన్నాడు. 'నేనే' అని చెప్పబోయాడు.

"నొప్పా? అయిపోవచ్చింది. ఇక రీమేక్‌లైతే మరీ అన్యాయమండీ. చల్లారిన కాఫీ మళ్ళీ కాచి, కప్పు మార్చి ఇస్తే కొత్త కాఫీ అవుతుందా? ఇప్పుడు మళ్ళీ తీస్తున్నారే, ఆ పాత సినిమాలో అన్న ఇల్లు వదిలి వెళ్తాడని అందరికీ తెలుసు. తెలీనట్టు మళ్ళీ ఏడవమంటారు!"

సరిగ్గా ఆ ఇల్లు వదిలే అన్న సినిమా రీమేకే అతని టేబుల్ మీద సగం కోతలో ఉంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

తర్వాతి వారం పంటికి తొడుగు వేయించుకోవడానికి వచ్చినప్పుడు, ఆమె చేతికి గ్లోవ్స్ తొడుక్కునేలోపే అతను చెప్పేశాడు.

"డాక్టర్ గారూ, ఆ నిద్రపోయిన మహానుభావుణ్ణి నేనే."

ఆమె చేతిలోని గ్లోవ్ జారి కింద పడింది. ముఖం ఎర్రబడింది. 

"అయ్యో! మరి ముందే చెప్పొచ్చుగా!"

"నోట్లో మీ చెయ్యి ఉంది కదండీ."

ఆమె పక్కున నవ్వింది. ఆ వెంటనే నవ్వు ఆపుకుంది. "సారీ. కానీ అబద్ధం చెప్పలేను. గుర్రం సీన్ నిజంగానే సాగింది."

"నేను కత్తిరించానండీ. డైరెక్టర్ గారు మళ్ళీ పెట్టించారు."

"మీరెందుకు ఒప్పుకున్నారు?"

అంత మామూలుగా అడిగిన ప్రశ్న అతనికి చెంపదెబ్బలా తగిలింది.  ఇంటికి వెళ్ళినా అదే ప్రశ్న వెంటాడింది. అందుకే మర్నాడు ఫోన్ చేశాడు.

"ఆదివారం మధ్యాహ్నం మా ఎడిటింగ్ రూముకి వస్తారా? రీమేక్ చూపిస్తాను. ఆవలింత వస్తే దాచుకోకూడదు."

ఆమె వచ్చింది. వాన బాగా కురుస్తోంది. తడి గొడుగు తలుపు మూల నిలబెట్టి, ఇరుకు గదిలో అతని పక్క కుర్చీలో కూర్చుంది. అతను తెర చూడలేదు. ఆమెనే చూశాడు. ఫైట్‌లో ఆమె ఫోన్ తీసింది. పాటలో మొహమాటం లేకుండా ఆవలించింది. అన్న ఇల్లు వదిలే సీన్‌కి పెదవి విరిచింది.

ఆ తర్వాత చిన్న షాట్ ఒకటి. కొడుకు వెళ్ళిపోయాక తల్లి తలుపు గడియ వేయబోతుంది. ఆగుతుంది. వేయకుండానే లోపలికి వెళ్ళిపోతుంది. అంతే.

ఆమె చున్నీ కొసతో కళ్ళు ఒత్తుకుంది. 

"ఇది పాత సినిమాలో లేదు కదూ?"

"లేదు. పక్కన పడేసిన షాట్లలోంచి నేనే ఏరి పెట్టాను. డైరెక్టర్ గారు తీసేయమంటున్నారు."

"తీసేస్తారా?" ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. "తీసేస్తే ఇక ఈ సినిమాలో మిగిలేదేంటి?"

 ఆమె చెయ్యి తీయలేదు. అతనూ కదలలేదు.

మరుసటి రోజు డైరెక్టర్ ముందు కత్తెర మొట్టమొదటిసారి గొంతు పెంచాడు. "ఆ షాట్ తీసేస్తే నా పేరు కూడా తీసేయండి సార్."

గదిలో వాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. డైరెక్టర్ అతన్ని ఎగాదిగా చూసి, "చూద్దాం" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి అతన్ని పనిలోకి పిలవలేదు.

సినిమా విడుదల రోజు డాక్టర్ తన తండ్రితో కలిసి హాలుకు వచ్చింది. క్లినిక్ ముందు గదిలో పేషెంట్ల పేర్లు పిలిచే ఆ పెద్దాయన కత్తెరను మూడుసార్లు పైనుంచి కిందికి చూసి, అతన్ని వరస చివరి సీట్లోకి పంపి, తను ఇద్దరి మధ్య సీట్లో తిష్ఠ వేసుకు కూర్చున్నాడు.

తెర మీద టైటిల్స్ పడ్డాయి. 'కూర్పు, దర్శకత్వం' అని ఉంది. కింద డైరెక్టర్ పేరు ఒక్కటే.

"ఇదేంటి?" అంటూ ఆమె సీట్లోంచి సగం లేచింది. "మీ పేరేది? ఇంత అన్యాయమా?"

"కూర్చో అమ్మా, వెనకవాళ్ళు తిడతారు" అన్నాడు తండ్రి.

కత్తెర ఆ ఒక్క పేరునే మళ్ళీ చదివాడు. పేరు పోయిందంటే షాట్ కూడా పోయినట్టే. ఉద్యోగం పోయింది, పరువు పోయింది, ఆఖరికి ఆ తల్లి కూడా పోయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. ఆ సీన్ వచ్చేదాకా చూసి పోదామని ఆగాడు.

అన్న ఇల్లు వదిలాడు. తల్లి గడియ మీద చెయ్యి వేసింది. ఆగింది. వేయకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

 హాల్లో ఎక్కడో ఎవరో ముక్కు ఎగబీల్చారు. కత్తెర తెరనే చూస్తూ ఉండిపోయాడు. పక్కన పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఎవరు పెట్టారోగానీ, కన్నతల్లి మనసు తెలిసినవాడు" అని గొణిగాడు.

"ఈయనే నాన్నా!"

పెద్దాయన నిర్ఘాంతపోయి కత్తెర వైపు తిరిగాడు. అంతలో ఆమె తండ్రి ఒడి మీదుగా చెయ్యి చాచి అతని చెయ్యి అందుకుంది.

"తెర మీద మీ పేరు లేకపోతే పోనీండి. మన శుభలేఖ మీద వేయిద్దాం. నా పేరు పక్కన."

కత్తెర పళ్ళ డాక్టర్ కుర్చీలోలాగే నోరు తెరిచాడు. తండ్రి అంతకన్నా పెద్దగా తెరిచాడు.

"అమ్మాయ్, ముందు అతన్ని అడిగావా?"

"ఇప్పుడే కదా నాన్నా అడిగింది."

"ఏమయ్యా, నువ్వేమంటావు?"

"మీరు సరేనంటే నా అదృష్టం అండీ." 

పెద్దాయన ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తన ఒళ్ళో కలిసిన ఆ రెండు చేతులనూ చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు.

"నువ్వు మధ్యలోకి జరుగు" అన్నాడు కత్తెరతో. "ఈ చివరి సీట్లో నేను కూర్చుంటాను."