నీలం పూస జాకెట్

"ఆగవే ముసలీ! ఆగు!"

రిహాబ్ ఆగదు.

ఆలివ్ తోటలో చీకటి. వెనక టార్చి లైటు. కాపలావాడి బూట్ల చప్పుడు... దగ్గరవుతోంది.

యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు ఇక వల్లకాదంటున్నాయి. అయినా పరిగెడుతోంది. నడుం దగ్గర దోపుకున్న దర్జీ కత్తెర అడుగడుక్కీ గుచ్చుకుంటోంది.

కింద సముద్రం హోరు. ఆ ఒడ్డున కూతురు షహద్ బోటు ఎక్కబోతోంది. చంకలో ఎనిమిది నెలల మనవడు.

ఇద్దరి ఒంటి మీదా రిహాబ్ కుట్టిన లైఫ్ జాకెట్లే!

ఇవాళ సాయంత్రమే చూసింది. టర్కీలోని ఇజ్మీర్‌లో, తను పనిచేసే నేలమాళిగలో. పొద్దున్నెప్పుడో ఓ జాకెట్ నీళ్ల తొట్టిలో పడిపోయినట్టుంది. చేతులు కడుక్కోబోతే కనిపించింది. తొట్టి అడుగున!

పైకి లాగింది. రెండు చేతులూ చాలలేదు. తడిసిన పరుపంత బరువు...

రెండు నెలలుగా రోజుకి ముప్ఫై కుట్టింది. లోపల పెట్టే ఆ స్పాంజి ఏమిటని ఒక్కసారే అడిగింది.

"స్పెషల్ సరుకు ఖాలా. నీళ్లు పట్టదు" అన్నాడు అబూ సఖర్, సొంత పిన్నిని పిలిచినట్టు. ఆ నేలమాళిగా వాడిదే. ఈ బోటూ వాడిదే.

ఆమె మళ్లీ అడగలేదు. ఎందుకు అడగలేదు? ఎందుకు?

షహద్ ఫోను స్విచాఫ్. బోటు ఎక్కేవాళ్ల ఫోన్లు వాడి మనుషులు ముందే ఆపించేస్తారు. వెళ్తూ వెళ్తూ పంపిన లొకేషన్ ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని టాక్సీలో వచ్చింది. ఇప్పుడు కాళ్ల మీద...

వెనకనుంచి కాపలావాడి చెయ్యి పడింది! తలకి చుట్టుకున్న ముసుగు దొరికింది వాడికి. గుంజాడు.

రిహాబ్ మెడ తిప్పింది. ముసుగు వాడి చేతిలో ఉండిపోయింది. తెల్లజుట్టు గాలికి ఎగిరింది.

పెళ్లినాటి నుంచి ముసుగు లేకుండా గడప దాటని మనిషి... ఉత్తతలతో ఒడ్డుకి దూకింది!

నలభై మంది. ఆరెంజ్ జాకెట్లు. ఒక్క రబ్బరు బోటు. అవతల గ్రీస్ దీవి దీపాలు మిణుకుమంటున్నాయి.

"షహద్! ఎక్కకు! విప్పెయ్! ముందు పిల్లాడిది విప్పు!"

"అమ్మా?! నీ ముసుగేదీ?"

"గొంతు తగ్గించండి!" అబూ సఖర్ పళ్లు కొరికాడు. "గుట్ట మీద పోలీసు చౌకీ ఉంది. చిన్న చప్పుడైనా అందరం జైలుకే!"

"ఆ జాకెట్లు మునుగుతాయే! నా కళ్లతో చూశాను!"

షహద్ మొహం గట్టిపడింది.

"మళ్లీ మొదలెట్టావా? కిందటి నెల గుండె నొప్పన్నావు. డాక్టరేమో ఏమీ లేదన్నాడు. అంతకుముందు నా కాగితాలు గోధుమరవ్వ సంచిలో దాచావు. ఇవాళ ఇదా? వీడి నాన్న జర్మనీలో ఎన్నాళ్లు ఫోటోలు చూసుకుంటూ కూర్చోవాలి?"

నిజమే. అన్నీ చేసింది. సిరియాలో, ఇద్లిబ్ దగ్గర చెక్‌పోస్టులో భర్తని బస్సులోంచి దింపుకుపోయారు. పెద్దకొడుకు రొట్టెలు తెస్తానని వీధి చివరికి వెళ్లాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. ఇంకెవరినీ పోనివ్వనని పంతం పట్టింది. నాటకాలాడింది.

ఇవాళ నిజం చెబుతోంటే... నాటకంలాగే ఉంది!

"ఏం ఖాలా, కూతుర్ని ఎన్నాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకుంటావు?" అబూ సఖర్ నవ్వాడు. ఓ జాకెట్ తీసి నీళ్లలోకి విసిరాడు.

తేలింది.

హాయిగా తేలుతోంది!

"చూశారుగా?"

"నీ కాళ్లు పట్టుకుంటానమ్మా, ఇంటికెళ్లు" అన్నాడొకాయన. "మా ప్రాణాలు తియ్యకు."

"ఇప్పుడు తేలుతుంది! గంట నానాక మునుగుతుంది! నడిసముద్రంలో!"

"గంటకి గ్రీస్‌లో కాఫీ తాగుతుంటారు" అన్నాడు అబూ సఖర్. "ఎక్కండి!"

రిహాబ్ మనవడి మీద పడింది. చిన్న జాకెట్. దిష్టి తగలకూడదని మెడ దగ్గర నీలం పూస కుట్టింది. ఎర్రదారం, రెండు వరసలు. మొన్న వీడికోసమని రాత్రంతా కూర్చుని గట్టిగా కుట్టింది.

కత్తెర ఆడటం లేదు. తన కుట్టే తనకి లొంగటం లేదు!

"వదులమ్మా! పిల్లాడు ఏడుస్తున్నాడు!"

పర్‌ర్...

చినిగింది. స్పాంజి బయటికొచ్చింది. సామాన్ల డబ్బాల్లో అడుగున వేసే చవక స్పాంజి. నీళ్లలో ముంచి, అదిమి పట్టి, తీసి కూతురి మొహం ముందు పిండింది.

నీళ్లు. ఇంకా నీళ్లు. కారుతూనే ఉన్నాయి.



"ఈ పాపిష్టి పని ఎవరు చేశారు?" ఎవరో ఆడమనిషి.

"నేనే" అంది రిహాబ్. "నేనే కుట్టాను. ఉమ్మాలనుంటే తర్వాత ఉమ్మండి. ముందు విప్పండి!"

షహద్ తల్లిని చూసింది. పిల్లాణ్ణి గుండెకి అదుముకుంది. బోటు దగ్గర్నుంచి ఒక్క అడుగు వెనక్కి వేసింది.

పిస్తోలు బయటికొచ్చింది!

"జాకెట్ ఉన్నా లేకపోయినా ఎక్కాల్సిందే" అన్నాడు అబూ సఖర్. "వెనక్కి వెళ్లి చౌకీలో చెబుతారా? ఒక్కడు కూడా వెళ్లడు. నువ్వు ముందు!"

పిస్తోలు షహద్ వీపుకి ఆనింది. ఆమె ఒక కాలు బోటులో పెట్టింది. తక్కినవాళ్లూ కదిలారు. బాంబుల కిందనుంచి వచ్చినవాళ్లు. తిరిగి వెళ్లడానికి ఇల్లు లేనివాళ్లు.



రిహాబ్ కత్తెర ఎత్తింది. రబ్బరులో దింపింది.

బుస్స్‌స్...

ఇంకో పోటు! ఇంకోటి! బోటు పక్కకి ఒరిగింది. షహద్ ఇసుకలోకి దూకేసింది.

"ముసలి ముండా!"

పిస్తోలు ఇటు తిరిగింది. కానీ వాడి చూపు గుట్ట మీదికి పోయింది. వేలు ఆగింది.

అది చూసింది రిహాబ్!

"కాల్చవేంరా?" గొంతెత్తి అరిచింది. "చప్పుడవుతుందనా? మా వీధివాడివే కదరా! నీ పెళ్లి చొక్కా కుట్టింది నేను! నా చేత నా బిడ్డకి కఫన్, శవం గుడ్డ, కుట్టించింది నువ్వు! కాల్చు!"

వాడి మొహం మీద ఉమ్మింది.

ఢాం!!

కుక్కలు మొరిగాయి. గుట్ట మీద ఒక దీపం... రెండు... పది. సైరన్!

అబూ సఖర్ తోటలోకి పారిపోతున్నాడు. వాడి ముందే కాపలావాడు. వాళ్ల మీద పెద్ద లైటు పడింది.

రిహాబ్ ఇసుకలో కూలబడింది. షహద్ తన ముసుగు లాగి తల్లి తెల్లజుట్టు మీద కప్పింది.

"అమ్మా! ఎక్కడికీ వెళ్లనమ్మా... చెప్పు, ఎక్కడ నొప్పి?"

రిహాబ్ చెయ్యి మెల్లగా గుండె మీదికి వెళ్లింది. వేళ్ల మధ్యనుంచి వెచ్చగా కారుతోంది.

"ఈసారి... నాటకం కాదే."