మంటకు చూపని కత్తి

పొద్దున్న ఆరు కొట్టిందో లేదో, వీధి గుమ్మంలోంచి జెంకిచి ముసలాయన కేక మొదలైంది.

"అమ్మాయ్! కజుయో! నీళ్ళ డబ్బా ఎక్కడ పెట్టావ్?"

"మీ కాళ్ళ దగ్గరే ఉంది మామయ్యా!"

"నా కాళ్ళ దగ్గరుంటే నాకు కనపడదా?" అని విసుక్కున్నాడు. కాసేపాగి, "ఆఁ, ఉందిలే" అన్నాడు, అదేదో తనే వెతికి పట్టుకున్నట్టు.

కజుయో పొయ్యి మీద చారు కలుపుతూ నిట్టూర్చింది. ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. రాత్రి పడుకున్న నడుంనొప్పే పొద్దున ఆమెకంటే ముందు లేస్తోంది ఈమధ్య. మొగుడు యొషిహారు సిటీ బస్సు డ్రైవరు, అయిదింటికే డ్యూటీకి పోయాడు. ఇంట్లో ఇక మిగిలింది ఈమె, ఎనభై ఆరేళ్ళ మామగారు, ఆయన మొక్కలు.

మొక్కలంటే తోట కాదు. ముకోజిమా పేట ఇరుకు సందుల్లో తోట వేసే జాగా ఎవడికుంది? గుమ్మం పక్కన గోడకి ఆనించిన అయిదు మెట్ల చెక్క బల్ల, దాని మీద నూటపాతిక బుల్లి కుండీలు. ఒక్కటీ టీకప్పుని మించదు. అన్నిట్లోనూ గిబోషి మొక్కలే. ఊరి తోటల్లో ఈ గిబోషి ఆకు అరచేయంత పెరుగుతుంది. జెంకిచి పెంచేవి బొటనవేలి గోరంత ఆకుల పొట్టి జాతులు. పచ్చవి, పసుపువి, తెల్లంచువి. నలభై ఏళ్ళుగా ఆయనకదే లోకం. అత్తగారు తొమే పోయాక మరీను.

"అమ్మాయ్, ఇలా రా! గబుక్కున రా!"

ఏం విరగ్గొట్టుకున్నాడో అని తడిచేతులతోనే పరుగెత్తింది. ఆయన అడుగు మెట్టు ముందు చతికిలబడి, ఓ కుండీని రెండు చేతుల్తో పట్టుకుని దానికేసే చూస్తున్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

"చూడు. పసుపు ఆకు మీద ఈనెల పొడుగునా ముదురాకుపచ్చ ఎలా పాకిందో చూడు! నలభై ఏళ్ళలో ఇలాంటి ఆకు చూళ్ళేదు. కొత్త రకమే ఇది. మన గుమ్మంలో పుట్టింది!"

"బాగుంది మామయ్యా."

"దీనికి మీ అత్త పేరు పెడతాను. ఆరు ముక్కలు చేసి, ఆదివారం ప్రదర్శనలో మా గిబోషి సంఘం వాళ్ళందరికీ తలా ఒకటి ఇస్తాను. ఆకులు విప్పాక కోయకూడదులే, కానీ వచ్చే మార్చి దాకా నేనుంటానా? రేపు పొద్దున్న నువ్వే కోసిపెట్టాలి." అంటూ పైమెట్టు మీద విడిగా పెట్టిన పాత కుండీకేసి చూసి మూతి ముడిచాడు. పెళ్ళయిన కొత్తలో తొమే తన పుట్టింటి కొండ మీంచి తవ్వి తెచ్చుకున్న మొక్క అది. "మీ అత్తదే ఈ ఏడు ఆకులు చిన్నబోయాయి. నా మీద అలిగిందేమో."

కజుయో చారు పొంగుతోందని లోపలికెళ్ళిపోయింది.

పదింటికి సంఘం పెద్ద ఇనుజుకా గారు కబురందుకుని వచ్చాడు. కుండీని కళ్ళదగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇలాంటిది ఇంతవరకు మన సంఘంలో ఎవరి దగ్గరా లేదు జెంకిచి గారూ" అన్నాడు, అంతే. టీ కూడా తాగకుండా లేచాడు. సందు మలుపు దాకా సాగనంపడానికెళ్ళిన కజుయోతో మాత్రం గొంతు తగ్గించాడు.

"అమ్మా, అది కొత్త రకం కాదు. వైరస్ తెగులు. ఆకులో రంగు అలా కారినట్టుంటుంది. తెలియనివాళ్ళు ముచ్చటపడి పంచుకుంటారు, తోటలకి తోటలే పోతాయి. మందు లేదు, తీసి పారెయ్యడమే. ఆయన మొహం చూస్తే నాకు నోరు పెగల్లేదు."

"అది ఎలా వస్తుందండీ?"

"కత్తి వల్ల. తెగులున్న మొక్కని కోసిన కత్తితో ఇంకోదాన్ని కోస్తే అంటుకుంటుంది. పైకి కనపడ్డానికి ఏడాదో రెండేళ్ళో పడుతుంది. అదే నాకు అర్థం కావట్లా. మొక్క మొక్కకీ కత్తిని మంట మీద కాల్చాలని మా అందరికీ నేర్పిందే జెంకిచి గారు కదా!"

కజుయోకి వెంటనే గుర్తొచ్చింది.

కిందటేడు మార్చి. ఆయన చేతులు వణుకుతున్నాయని అడుగు మెట్టు కుండీల్లోని మొక్కలన్నీ ఆమే పిలకలుగా కోసింది. గ్యాసు మంట వెలిగించి పెట్టుకుంది కూడా. రెండు మొక్కలయ్యాక విసుగొచ్చి ఆపేసింది. ప్రతిసారీ కత్తి కాల్చడం, చల్లారేదాకా కూర్చోవడం, ఎవడు చేస్తాడు? మూడోది సంతలో కొన్న కొత్త మొక్క, తెగులు దాంట్లోనే ఉండుంటుంది. ఆ తర్వాతవన్నీ అదే కత్తితో చకచకా కోసి పారేసింది.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మొగుడితో వంటింట్లో గుసగుసగా చెప్పింది. యొషిహారు టోపీ తీసి తల గోక్కున్నాడు.

"పిల్లి దొర్లించిందని చెప్పి పారేద్దూ. ముసలాయన నాల్రోజులు ఏడ్చి మర్చిపోతాడు."

"మిగతావో? అడుగు మెట్టంతా పిల్లే దొర్లించిందా? రేపు ముక్కలు కోయించి ఆరుగురికీ పంచుతానంటున్నారు."

"అయితే నువ్వే చెప్పుకో తల్లీ. నన్ను లాగకు."

"ఎప్పుడు లాగాను మిమ్మల్ని, ఏ పనికైనా?" అంది కజుయో. దెప్పే ఓపిక కూడా లేక మెల్లిగానే అంది.

మర్నాడు పొద్దున్న గుమ్మంలో పాత పేపర్లు పరిచి, కత్తి, గ్యాసు మంట, ఆరు ఖాళీ కుండీలు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు జెంకిచి. గెడ్డం గీసుకున్నాడు కూడా.

"రా అమ్మాయ్. ముందు కత్తి కాల్చు."

కజుయో కత్తి తీసుకుంది. మంట వెలిగించలేదు. కత్తి పేపరు మీద పెట్టేసింది.

"మామయ్యా, ఇది కొత్త రకం కాదు. తెగులు. నావల్లే వచ్చింది. కిందటేడు నేను కత్తి కాల్చలేదు."

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం కందగడ్డయింది.

"కాల్చలేదా? కాల్చావా అని ఆ రోజే అడిగాను. కాల్చానన్నావ్!"

"అన్నాను. అబద్ధం చెప్పాను."

"నలభై ఏళ్ళు! ఒక్క ఆకుకి మచ్చ పడనీకుండా నలభై ఏళ్ళు సాకాను. ఒక్క పూటలో తగలబెట్టేశావు కదే! రెండు నిమిషాలు మంట మీద పెట్టడానికి నీకు చేతులు పడిపోయాయా?"

"అవును, పడిపోయాయి!" కజుయో గొంతు సందంతా వినపడింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. చూస్తే చూడనీ అనుకుంది. "మా అమ్మ పోయి అప్పటికి అయిదు రోజులు. బూడిద కుండ చేతుల్లోంచి దించి రైలెక్కి వచ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే మీరన్న మొదటి మాటేంటో తెలుసా? 'మొగ్గలు లేస్తున్నాయి అమ్మాయ్, కోత ఆలస్యమైపోతోంది.' అదీ మీరు నన్ను పలకరించిన పలకరింపు! మీ స్నానం, మీ మందులు, మీ అబ్బాయి క్యారేజీ, అన్నీ చేసి ఆ మొక్కల ముందు కూర్చున్నాను. ఏడవడానికి కూడా టైము లేదు నాకు. ఇంక కత్తి చల్లారేదాకా కూర్చోమంటే ఎలా కూర్చుంటాను?"

ఎదురింటి కిటికీ చప్పుడు కాకుండా మూసుకుంది.

జెంకిచి గోడ పట్టుకుని లేచి, చెత్తసంచీ తెచ్చి, అడుగు మెట్టు మీది కుండీల్ని ఒక్కొక్కటే అందులో వెయ్యడం మొదలెట్టాడు. "మొదటి రెండూ ఏవి?" అనడిగాడు. ఆమె చూపించింది. ఆ రెండూ పక్కన పెట్టాడు. ఈనెల రంగు పాకిన ఆ ముద్దుల మొక్కని కూడా సంచీలో వేశాడు, చూడకుండా.

"అప్పుడు ఇరుగుపొరుగుకి పంచిన పిలకలు?"

"నేనెళ్ళి అడిగి వెనక్కి తెస్తాను."

"ఒక్కదానివీ కాదు. నేనూ వస్తా. తలొంచుకోవాల్సిన పెద్దవాణ్ణి నేనున్నానుగా."

ఆఖరికి పైమెట్టు మీది తొమే కుండీని దించాడు. ఆ రోజు కొయ్యమని ఇచ్చినవాటిలో అదీ ఒకటి. సంచీ దాకా తీసుకొచ్చాడు, చేతులు రాలేదు. కుండీని గుండెలకి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మామయ్యా, ఆగండి." కజుయో గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. "దాన్ని కోయలేదు."

"ఏంటీ?"

"అన్నిటికంటే ఆఖరున దాన్ని పెట్టుకున్నాను. అప్పటికి ఒళ్ళు హూనమైపోయింది. పైన కాస్త కొత్తమట్టి చల్లి, కోసేశానని మీతో చెప్పాను. కత్తి తగల్లేదు దానికి."

ఆయన నమ్మలేదు. కుండీని బోర్లించి అడుగున తట్టాడు. మొక్క మట్టితో సహా ముద్దగా బయటికొచ్చింది. వేళ్ళు ఒకదాన్నొకటి చుట్టుకుని, కుండీ ఆకారంలోనే బిగుసుకుపోయి ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదని చూస్తేనే తెలుస్తోంది.

"అందుకా ఆకులు చిన్నబోయాయి!" జెంకిచి ఏడుపులోనే నవ్వాడు. "అలక కాదన్నమాట. ఊపిరాడక." ఆ ముద్దని చేతుల్లో పట్టుకుని కోడలికేసి చూశాడు. ఆమె కళ్ళ కింద నలుపు, తెల్లబడిన జుట్టు, గోళ్ళల్లో మట్టి, అన్నీ ఇప్పుడే కనపడ్డట్టు చూశాడు. "మీ అమ్మ పేరేంటి అమ్మాయ్?"

ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"ఇసో" అంది. ఆ రెండక్షరాలూ పలికేసరికి దుఃఖం ఆగలేదు. ఏడాది పైగా లోపలే ఉండిపోయిన ఏడుపంతా గుమ్మంలోనే వచ్చేసింది.

ఆయన ఊరుకోమనలేదు. పెన్సిలు తీసి, వణికే చేత్తో కుండీలో గుచ్చే పేరుచెక్క మీద ఇసో అని వంకరటింకరగా రాశాడు. ఆరు ఖాళీ కుండీల్లో ఒకదాన్ని మట్టితో నింపి అందులో గుచ్చి, తొమే కుండీ పక్కనే పైమెట్టు మీద పెట్టాడు.

"మీ అత్తదాంట్లో సగం ఇందులోకి. ఇప్పుడు కాదు, ఆకులు రాలిపోయి చలికాలం వెళ్ళాక, నీకు ఓపికున్న రోజున. అప్పటిదాకా ఇది ఖాళీగానే ఉంటుంది, ఏం పర్లేదు."

"అలాగే మామయ్యా. ముందు మీ మందులు..."

"నా మందులు ఎక్కడున్నాయో నాకు తెలుసు. వెళ్ళి పడుకో."

"పొద్దున్న ఎనిమిదింటికా?"

"పడుకోమన్నానా!"

కజుయో లోపలికెళ్ళి చాప మీద వాలింది. ఎంతకాలమైందో పగటిపూట నడుం వాల్చి. వీధి గుమ్మంలో మామగారు నీళ్ళ డబ్బా కోసం తడుముకుంటున్న చప్పుడు వినపడింది. కాళ్ళ దగ్గరే ఉందని చెబుదామని నోరు తెరిచి, ఊరుకుంది. కాసేపటికి కుండీల మీద నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలైంది.