పోలికల పాఠం

"నా పుస్తకంలో ఒక పాఠం ఎవరో కాజేశారండీ," అంది టీచరమ్మ, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే. రిటైరయ్యాక మూడేళ్ళు కష్టపడి చేత్తో రాసుకున్న ఇంగ్లీషు వ్యాకరణం అది. ఎల్లుండి ప్రెస్సుకి వెళ్ళాలి.

"ఏ పాఠం?" అడిగాడు డిటెక్టివ్.

"సిమిలర్లీ, లైక్‌వైజ్, ఇన్ ద సేమ్ వే... రెండు విషయాలు ఒకలాంటివేనని చెప్పే మాటల పాఠం. ఆరు కాగితాలు. నిన్న నేను స్నానానికి వెళ్ళినప్పుడు, పుస్తకం టైపు చెయ్యడానికి మా ఇంటికొచ్చే టైపిస్టు ఫ్యాను వేశాడట, కాగితాలన్నీ గదంతా చెల్లాచెదురయ్యాయి. వాటికింకా నంబర్లు కూడా వెయ్యలేదు. మా అక్క ఏరి బల్ల మీద పెట్టింది. చూస్తే పదో పాఠం తర్వాత పన్నెండోది ఉంది, మధ్యలోది లేదు. ఆ టైపిస్టు మీదే నా అనుమానం."

"ఆ పాఠంలో ఉదాహరణలేమిటి?"

టీచరమ్మ నవ్వింది. "పిల్లలు నవ్వుకునేవి. మూలనున్న కుర్చీ మాట్లాడదు. సిమిలర్లీ, మా అక్కా మాట్లాడదు. మా పిల్లికి చదువు రాదు. లైక్‌వైజ్, మా అక్కకీ రాదు. ఆవిడకి ఎలాగూ తెలీదుగా!"

డిటెక్టివ్ నవ్వలేదు. అతని అసిస్టెంటు అది గమనించింది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ టీచరమ్మ ఇంటికి వెళ్ళారు. టైపిస్టు మండిపడ్డాడు. "ఆ కాగితాలు టైపు కొట్టాల్సింది నేనే కదండీ. దొంగిలించి ఏం చేసుకుంటాను?"

వంటింట్లో అక్కగారు, తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తోంది. అసిస్టెంటు పలకరిస్తే, "అక్షరమ్ముక్క రానిదాన్ని, నాకేం తెలుసమ్మా," అంది.

డిటెక్టివ్ అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టాడు.

"నంబర్లు లేని రెండొందల కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. మళ్ళీ బల్ల మీదికి ఎక్కేసరికి వరసలో ఉన్నాయి. పదో పాఠం తర్వాత పన్నెండోది. చదవకుండా అలా పేర్చడం ఎవరివల్లా కాదు. ఏరింది ఒక్కరే." అతని గొంతు మెత్తబడింది. "పేరుస్తూ పేరుస్తూ, తన గురించి రాసింది చదివారు."

టీచరమ్మ అక్క వైపు తిరిగింది. అక్కగారు లేచి, తన పరుపు కిందనుంచి ఆరు కాగితాలూ తెచ్చింది. ఒక్కటీ నలగలేదు.

"ఊరందరి పిల్లలూ చదువుతారు కదే," అంది. "చించేద్దామనుకున్నాను. నీ దస్తూరీ చూసి చేతులు రాలేదు."

"ఇంగ్లీషు ఎప్పుడు నేర్చుకున్నావక్కా?"

"నువ్వు ప్రైవేట్లు చెప్పేదానివిగా. తలుపు ఇవతల కూర్చుని వినేదాన్ని, పిల్లలు వదిలేసిన పుస్తకాల్లో అక్షరాలు కూడబలుక్కునేదాన్ని. ఇరవై ఏళ్ళు."

"మరి ఇన్నాళ్ళూ ఆ ఇంగ్లీషు ఎవరితో మాట్లాడావు?"

"ఎవరున్నారని?"

టీచరమ్మ కళ్ళజోడు తీసింది. తుడవడానికి చీర కొంగు దొరకలేదు ఆవిడకి. టైపిస్టు తలదించుకున్నాడు.

అక్కగారు కాగితాలు చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

"మూడో కాగితంలో స్పెల్లింగు తప్పుంది. చూసుకో."