బదులు వెళ్ళినవాడు

1780 అక్టోబరు 11, బుధవారం. తెల్లవారేసరికి డెలావేర్ నది మీద మనిషికి మనిషి కనపడనంత దట్టంగా పొగమంచు కమ్ముకుని, పొద్దెక్కాక అదే సన్నని జల్లుగా మారి, మధ్యాహ్నానికి ఉత్తరపు గాలి లేచి ఆకాశాన్నంతా తుడిచిపెట్టింది. మంచు విడిపోయేసరికి, నది ఒడ్డున గుట్ట మీది పైన్‌క్లిఫ్ కోటలో ఉన్న ముప్పైనలుగురికీ తమను మూడు వైపులా చుట్టి నిలబడిన ఎర్రకోటుల ఇంగ్లీషు సేన కనిపించింది. వాళ్ళు నాలుగు వందలమంది.

కోట అనగానే మన గోల్కొండనో కొండవీడునో ఊహించుకోకూడదు. అడవి మానులను మొన తేలేలా చెక్కి, పక్కపక్కనే భూమిలో పాతిన దడి అది. నాలుగు మూలలా కావలి గదులు, నదికి దిగి నీళ్ళు తెచ్చుకోవడానికి వెనకవైపు ఒక చిన్న తలుపు, అంతే. చదువుకునే రోజుల్లో ఈ యుద్ధాల తేదీలన్నీ నేను కంఠస్థం చేశాను గాని, ఇంత పేద కోటల మీద ఒక దేశం నిలబడిందని అప్పుడు తట్టలేదు. సముద్రం అవతల కూర్చున్న రాజుకు ఇక పన్నులు కట్టబోమని పదమూడు వలస సీమలు తిరగబడి అప్పటికి అయిదేళ్ళు దాటింది. పైన్‌క్లిఫ్ పడిపోతే దాని వెనక లోయలోని పన్నెండు పల్లెలూ బూడిదే.

కోటకు నాయకుడు కెప్టెన్ రూబెన్ హాస్కెల్. ఇరవయ్యారేళ్ళవాడు, అందగాడు, బూట్లు మెరిసేలా తుడిపించుకోనిదే గోడ ఎక్కేవాడు కాదు. నీటి తలుపు దగ్గర కావలి ఉన్నవాడు క్వామినో. శనివారం పుట్టిన మగబిడ్డకు అతని తాతల ఆఫ్రికా దేశంలో పెట్టే పేరట అది. సైన్యం పట్టీలో మాత్రం ఆ పేరు లేదు.

ఎందుకు లేదో చెప్పాలి. క్వామినో లోయలోని పెద్ద భూస్వామి, శాసనసభ సభ్యుడు ఎలీషా థార్న్‌బరీ ఇంటి బానిస. యుద్ధానికి రమ్మని పిలుపు వచ్చింది థార్న్‌బరీ కొడుకు జోసయాకు. పిలుపు వచ్చినవాడు తన బదులు ఇంకొకణ్ణి పంపుకోవచ్చునని ఆనాటి పద్ధతి. పిలుపు ఎవరి పేరున వచ్చిందో పట్టీలో ఆ పేరే ఉంచేయడం హాస్కెల్ అలవాటు. అందుకని ప్రతి ఉదయం హాజరు పిలిచేటప్పుడు "జోసయా థార్న్‌బరీ" అనగానే క్వామినో పలికేవాడు, తోటివాళ్ళు నవ్వేవాళ్ళు.

"జోసయా బాబుగారికి ఈ మధ్య ఎండదెబ్బ బాగా తగిలినట్టుందే," అనేవాడు ఒకడు.

"బాబుగారు ఇంట్లో గొడుగు కింద ఉన్నారు. తగిలింది నాకు," అనేవాడు క్వామినో.

బయలుదేరే ఆదివారం నాడు థార్న్‌బరీ చర్చి మెట్ల మీద నిలబడి, ఊరందరూ వింటూండగా, బైబిలు మీద చెయ్యి పెట్టి అన్నాడు: "క్వామినో, నా కొడుకు బదులు వెళుతున్నావు. యుద్ధం ముగిసిన రోజున నువ్వు నా మనిషివి కావు. నీకు నువ్వే యజమానివి. ఇందుకు ఈ సభ సాక్షి." కాగితం రాయమని అడగడం క్వామినోకు తోచలేదు. దేవుడి పుస్తకం మీద అంత పెద్దమనిషి పెట్టిన చేతికంటె కాగితం గట్టిదని అతను అనుకోలేదు.

ముట్టడి నాలుగో రోజున, ఇంగ్లీషు సేనలోంచి ఒక అధికారి తెల్లగుడ్డ పట్టుకుని నీటి తలుపు దాకా వచ్చాడు. తిరుగుబాటుదారుల బానిసలు ఎవరు తమవైపు వచ్చినా స్వేచ్ఛ ఇస్తామని సేనాపతి చాటింపు వేయించాడనీ, ఈ గడియ తీస్తే చాలు, ఈ పూటే నువ్వు స్వతంత్రుడవనీ చెప్పాడు. లోపల అప్పటికే తిండి అయిపోయింది. హాస్కెల్ తొడలో గుండు దిగి, ఆ తలుపు పక్కనే గడ్డి మీద పడి ఉన్నాడు. అతనూ విన్నాడు.

 క్వామినో అన్నాడు: "అయ్యా, మీరిచ్చేది నాకు కావలసిందే. కాదనను. కాని లోపల ముప్పైనలుగురం ఒకే కుండలో తిన్నాం. వీళ్ళ పీకలు తెగుతుంటే నడిచి వచ్చిన స్వేచ్ఛతో నేను ఏ ఊళ్ళో తలెత్తుకుని తిరుగుతాను? మా దొర నలుగురి ముందు నాకు మాట ఇచ్చాడు. నేనూ ఇచ్చాను. వెళ్ళండి."

హాస్కెల్ అతని చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నేను బతికితే, నువ్వు ఇక్కడ నిలిచినదానికి నేను సాక్షినన్నాడు.

మరునాడు శత్రువులు ఆ తలుపునే గొడ్డళ్ళతో బద్దలు కొట్టారు. ఇరుకైన ఆ సందులో క్వామినో మూడు గంటలు నిలబడ్డాడు. ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. దడి అంటుకున్నప్పుడు హాస్కెల్‌ను వీపున వేసుకుని మంటల్లోంచి అవతలికి చేర్చి, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఆరో రోజున సాయం వచ్చింది. కోట దక్కింది, పల్లెలు దక్కాయి.

1783లో యుద్ధం ముగిసింది. ఇంగ్లీషువాళ్ళ వైపు వెళ్ళిన బానిసలు చాలామందిని ఓడలెక్కించి ఉత్తరాదికి, స్వేచ్ఛగా, తీసుకుపోయారు. సేన నుంచి తిరిగి వచ్చి మళ్ళీ దొర పొలంలోనే పనిచేస్తున్న క్వామినో, తనకిచ్చిన మాట సంగతి థార్న్‌బరీని అడిగాడు. పంట కోతలు కానిమ్మన్నాడు దొర. కోతలు అయ్యాక, అసలు యుద్ధానికి వెళ్ళినట్టు రుజువేదన్నాడు. చర్చి మెట్ల దగ్గర విన్నవాళ్ళంతా థార్న్‌బరీ భూములు కౌలుకు చేసేవాళ్ళే. ఆ ఆదివారం ఎవరికీ జ్ఞాపకం రాలేదు. క్వామినో ఫిర్యాదు మీద న్యాయాధికారి పట్టీ తెప్పించి చూశాడు, అందులో జోసయా పేరే ఉంది. కోటలోని తోటివాళ్ళు యుద్ధం ముగిశాక తలో దిక్కుకూ చెదిరిపోయారు, ఇక మిగిలిన సాక్షి హాస్కెల్.

హాస్కెల్ కుంటుతూ వచ్చాడు. అప్పటికి పదిరోజుల కిందటే థార్న్‌బరీ కూతురు ప్రూడెన్స్‌తో అతనికి పెళ్ళి నిశ్చయమైంది. పట్టీ తన చేతి రాతేనని ఒప్పుకున్నాడు. అందులో ఉన్నదే నిజమన్నాడు.

క్వామినో ఒక్క మాట అడగనివ్వమన్నాడు. "కెప్టెన్ దొరా, మిమ్మల్ని మంటల్లోంచి మోసింది జోసయా బాబేనా?"

హాస్కెల్ అతని చేతివైపు చూడలేదు. "యుద్ధంలో పొగ ఎక్కువ," అన్నాడు. "ఎవరు మోశారో నాకు గుర్తు లేదు."

 ఆ సాయంత్రం పశువులకు మేత వేయడానికి క్వామినోయే వెళ్ళాడు.

ఎలీషా థార్న్‌బరీ 1786 మార్చిలో పోయాడు. వీలునామా ప్రకారం ఇల్లూ, నది పక్క పొలమూ కొడుకు జోసయాకు వచ్చాయి. పైన్‌క్లిఫ్ కోటలో చూపిన పరాక్రమానికి ప్రభుత్వం ఇచ్చిన రెండు వందల ఎకరాలు అంతకుముందే అతని పేర ఉన్నాయి. చర్చికి కంచు గంట దక్కింది. భార్యకు బతికినన్నాళ్ళు ఒక గదీ, పొయ్యికి కట్టెలూ. కూతురు ప్రూడెన్స్‌కు వెండి గిన్నెలు, రెండు గుర్రాలు, "క్వామినో అను మనిషి". భార్య సొత్తు భర్తదని ఆనాటి చట్టం గనుక, అతను కెప్టెన్ హాస్కెల్ సొత్తయ్యాడు. క్వామినోకు ఏమీ రాలేదు.