పదికి పది ఇచ్చిన వెన్నెల

"సాయంత్రం ఆరు లోపల ఆపాలి. లేకపోతే ఈ రాత్రికి మన తీరానికి కళ్లుండవు."

మనుబోలు హైవే పక్కన ఆగిన కారులో నిఘా విభాగం చీఫ్ పద్మనాభయ్య గొంతు తగ్గించి చెప్పారు. ఏజెంట్ తౌసిఫ్ వాచీ చూసుకున్నాడు. నాలుగు దాటింది.

తడ దగ్గర ఒక కంపెనీ కోస్తా రాడార్లకు సాఫ్ట్‌వేర్ రాస్తోంది. విదేశీ ముఠా అందులో దొంగ అప్‌డేట్ ఒకటి చొప్పించింది. అది సర్వర్‌కు ఎక్కితే ఆయుధాల బోట్లు రాడార్‌కు కనపడకుండా ఒడ్డు చేరతాయి. ఆరింటికి సర్వర్ మూసుకుంటుంది, ఆ తర్వాత ఏదీ ఎక్కదు.

"ఇద్దరు ఇంజినీర్లు వేలిముద్ర వేస్తేనే ఎక్కుతుంది. ఒకడు అమ్ముడుపోయాడు. రెండోవారు ఎవరో లోపలున్న మన ఏజెంట్ భానుప్రియ చెబుతుంది. అక్కడ ఆమె ఉద్యోగుల బాగోగులు, సర్వేలు చూసే కల్చర్ హెడ్."

ఐదున్నరకు తౌసిఫ్ ఏసీ మెకానిక్ వేషంలో ఆమె ఎదుట నిలబడ్డాడు.

"ఉప్పుగాలి ఎక్కువగా ఉంది మేడమ్," అని గుర్తుమాట వేశాడు.

"అందుకే కాయిల్ తుప్పు పట్టింది." ఆకుపచ్చ పట్టుచీరలో భానుప్రియ మెరుపులా నవ్వింది. "ఈ గదిలో చూడండి."

వెనక తలుపు లాక్ పడింది. ఫోన్‌లో సిగ్నల్ చచ్చిపోయింది. డబుల్ ఏజెంట్!

అయితే అంతకుముందే జాబ్ షీటు అందిస్తూ, అలవాటు కొద్దీ ఆమె ఐడీ కార్డుకు ఫోన్ సిగ్నల్‌తో పనిలేని బియ్యపుగింజంత మైకు అంటించాడు తౌసిఫ్. అతని చెవిలోని బుల్లి స్పీకర్‌లో, రెండో ఇంజినీరుతో భానుప్రియ మాటలు మొదలయ్యాయి.

"వెన్నెలా, చిన్న అప్రూవల్. వేలు పెట్టు చాలు."

"చదవాల మేడమ్. నాలుగు వేల లైన్లుండాయి."

"టైం లేదమ్మా. మనమంతా ఒక ఫ్యామిలీ కదా!"

"మా నాయన ఆస్పత్రిలో ఉంటే ఒక్కరోజు లీవ్ ఇయ్యలేదే, అప్పుడు కాదా ఫ్యామిలీ?"

పక్క సీటు కిషోర్ బాబు కిసుక్కున నవ్వాడు. "శనివారం పనికే ఫ్యామిలీ అక్కా. లీవులకు కాదు."

భానుప్రియ గొంతు మారింది. "ఉద్యోగుల సర్వేలో అన్ని ప్రశ్నలకూ పదికి పది ఇచ్చింది నువ్వొక్కదానివే. 'పైవాళ్లు చెబితే ప్రశ్నించను' అన్నదానికి కూడా! అందుకే నిన్ను ఎంచుకున్నా."

"పేరు అక్కర్లేదని చెప్పి ఎంప్లాయీ నంబర్ అడిగినారు. పోయినేడు నిజం రాసిన సుశీల్ కుమార్‌ని మూడో రోజే పంపించేసినారు. ఇంకేం రాస్తాం మేడమ్?"

"నేను తొమ్మిదే పెట్టినా. పదంటే నమ్మరనుకున్నా," అన్నాడు కిషోర్ బాబు.

ఐదూ యాభై ఏడు. తౌసిఫ్ తలుపు బాదుతున్నాడు. సెక్యూరిటీ మస్తానయ్య పరుగున వచ్చి తాళం తీశాడు. చెమటతో తడిసిన మనిషిని చూసి, ఏమీ అడగకుండా ముందు తన నీళ్ల సీసా చాచాడు. ఆ సీసా పట్టుకునే తౌసిఫ్ పరుగెత్తాడు.

"వేలు పెట్టకపోతే రేపటినుంచి ఉద్యోగం ఉండదు!"

"పోనీండి మేడమ్. చదవకుండా నా వేలు పడదు."

భానుప్రియ ఆమె మణికట్టు పట్టి స్కానర్ వైపు లాగింది. కిషోర్ బాబు అడ్డం పడ్డాడు. వరుస మొత్తం లేచి నిలబడింది. వయసు ముప్పై దాటినవాళ్లు, ఎన్నో ఏళ్లుగా తలలూపినవాళ్లు, ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. వెన్నెల బొటనవేలు స్కానర్ అద్దానికి అంగుళం దూరంలో ఉండగా తౌసిఫ్ భానుప్రియ చేతిని విరిచి పట్టుకున్నాడు.

స్క్రీన్ ఎర్రబడింది. ఆరు. సర్వర్ మూసుకుంది.

వారం తర్వాత పద్మనాభయ్య వెన్నెలకు రహస్యంగా కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారు. అప్పటికే ఆమెకు ఏడాది పనితీరు మీద ఆఫీసు రాసిన అప్రైజల్ ఫారం అందింది: 'మొండి మనిషి. చదవనిదే దేనికీ ఒప్పుకోదు.'

"దీన్ని తీయించేస్తానమ్మా," అన్నారాయన.

"ఉండనీండి సార్. ఈ ఆఫీసులో నిజం రాసిన ఫారం ఇదొక్కటే."