ఉయ్యాల పొయ్యి

“ఏమప్పా, మా పొయ్యికి సంబంధం చూస్తాండావా?”

వెనకనుంచి వచ్చిన గొంతుకు ఉలిక్కిపడి జనార్ధన్ చేతిలోని టేపు వదిలేశాడు. గొంతుక్కూర్చుని పొయ్యికీ గోడకీ మధ్య దూరం కొలుస్తున్నవాడు అలాగే తల తిప్పి చూశాడు. గుమ్మంలో చంకన నీళ్లబిందెతో ఒక అమ్మాయి నిలబడి, బల్లిని చూసినట్టు తనను చూస్తోంది.

“చెన్నమ్మత్త చూసుకోపొమ్మనింది,” అన్నాడు.

“మా అత్త అంతే. ఎనుము వచ్చి అడిగినా లోపలికి పొమ్మంటాది.”

ఎమ్మిగనూరు బజారులో చెన్నమ్మ పూటకూళ్ల ఇల్లంటే బట్టల బేరానికి వచ్చేవాళ్లందరికీ తెలుసు. తల్లీ తండ్రీ లేని మేనకోడలు భాగ్యలక్ష్మిని ఆమే పెంచింది. ఆ ఆరడుగుల ఇరుకు వంటింట్లో భాగ్యలక్ష్మి పూటకు నలభై మందికి వండుతుంది. ఆమె వంటను మెచ్చుకోనివాళ్లు లేరు, ఆమె నోటికి జడవనివాళ్లూ లేరు. ఇరవై ఒక్క ఏళ్లు నిండేసరికి వచ్చిన రెండు సంబంధాలనూ ఆమే తిప్పి పంపింది. మొదటివాడు ప్రతి మాటకీ వాళ్ల నాయన మొహం చూశాడట. రెండోవాడు ఆమె చేసిన ఉగ్గాని తింటూ, ఉగ్గాని ఎలా చేయాలో ఆమెకే చెప్పాడట.

“కొలతలెందుకు?” అంది బిందె దించుతూ.

“పడవలో వంటిల్లు బాగు చేస్తాండాను. ఇంత ఇరుకులో ఇంతమందికి ఎట్ల వండతారో చూద్దామని వచ్చినా.”

“యా ఊరు మీది?”

“ఆదోని.”

భాగ్యలక్ష్మి నవ్వింది. అందులో సరదా ఏమీ లేదు. “అత్తా! ఈడికి రా. బిందెడు నీళ్లకు కొళాయి కాడ జుట్లు పట్టుకుని కొట్లాడే ఊర్నుంచి వచ్చినాడు. ఈయనకు పడవ ఉండాదంట!”

పడవ ఉన్న మాట నిజమే. ఆదోనిలో పత్తి కంపెనీ నడిపిన దొర ఒకడు ఆదివారాల షికారుకని నాగలదిన్నె దగ్గర తుంగభద్రలో తెరచాప పడవ ఒకటి పెట్టుకున్నాడు. స్వతంత్రం రాగానే పడవను కొట్టంలో వదిలేసి ఓడెక్కాడు. ఎనిమిదేళ్లుగా అందులో కందిరీగలు కాపురం చేశాయి. కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు, పత్తి వ్యాపారి రామసుబ్బయ్య కొడుకు జనార్ధన్ దాన్ని బయటికి లాగించాడు. మద్రాసులో ఇంజనీరింగు డిప్లొమా చదివినవాడు. నాగలదిన్నె నుంచి మంత్రాలయానికి ఏటి మీద యాత్రికులను తీసుకుపోవాలని అతని ఆలోచన.

“ఎదురేటి ప్రయాణం, పగలంతా పడతాది. మడి కట్టుకునే ముసలోళ్లు బయట తినరు. పడవలోనే వండాల,” అని చెప్పాడు.

“ఎవురు, నువ్వు వండతావా?”

“నేర్చుకుంటా.”

“పాపం, ముసలోళ్లు,” అంది భాగ్యలక్ష్మి.

పూటకూళ్ల ఇంటికి శనివారం సెలవు. ఆ రోజు చెన్నమ్మ ఏటి స్నానానికి నాగలదిన్నె పోతుంది. ఆ శనివారం భాగ్యలక్ష్మి కూడా బండెక్కింది. కాసేపు నవ్వుకుని రావచ్చని.

ఒడ్డున ముప్పై అడుగుల పడవ దిమ్మెల మీద నిలబెట్టి ఉంది. నడుమ చిన్న గది, గదిలో ఒక మూల దొరగారి వంటిల్లు. తుప్పు పట్టిన రేకు బల్ల మీద ఎన్నో ఏళ్ల కింద వేయించిన గుడ్ల జిడ్డు ఇంకా అలాగే ఉంది. జనార్ధన్, వడ్రంగి ఉచ్చీరప్ప కలిసి సగం పీకేసి, కొత్త టేకు చెక్కలు బిగిస్తున్నారు.

భాగ్యలక్ష్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వంగి చూసింది.

“ఇదేంది?”

“పొయ్యి పెట్టే బల్ల.”

“ఇంత ఎత్తునా? పడవ ఊగతాంటే నిలబడి వండేదానికి నేనేమన్నా కొంగనా? కూర్చునే చోటు యాడ?”

జనార్ధన్ చెవి మీది పెన్సిలు తీసి చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

“అలమర తలుపు బయటికి తెరిసేదెందుకు? అది తెరిసినప్పుడల్లా వంటామె ఏట్లోకి దూకాల్నా? నీళ్ల తొట్టి ఆ మూలకు యా మహానుభావుడు పెట్టినాడు? ఏటి మీద కూడా నీళ్లకు నడవాల్నా?”

ఉచ్చీరప్ప సుత్తి పక్కన పెట్టి, మొహం అటు తిప్పుకుని నవ్వాడు. జనార్ధన్ మాత్రం రాసుకుంటూనే ఉన్నాడు.

“ఇంకా?” అన్నాడు.

ఆ ‘ఇంకా’లో కోపం లేదు. భాగ్యలక్ష్మికి అది నచ్చలేదు. తను ఇన్ని మాటలంటే మనిషన్నవాడు ఎర్రబడాలి, ఎదురు చెప్పాలి.

మరుసటి శనివారానికి బల్ల పోయి, వీపు ఆనించి కూర్చునే పీట వచ్చింది. తలుపులు పక్కకు జారాయి. నీళ్ల తొట్టి చేతికందే చోటికి చేరింది. భాగ్యలక్ష్మి మూలమూలా వెతికి, చివరికి ఒక మేకు తల పైకి లేచి ఉందని కనిపెట్టి తృప్తిపడింది.

“నీకు కళ్లు శానా మంచివి,” అన్నాడు జనార్ధన్ ఆ మేకును కొడుతూ.

“నీ పని శానా చెడ్డది,” అంది ఆమె. ఇంటికి పోతూ దారిపొడవునా ఆ టేకు చెక్కల నునుపును గురించే అత్తకు చెప్పింది. మెచ్చుకోలు కాదట, ఊరికే చెప్పడమేనట.

మూడో శనివారం గొడవైంది. పొయ్యి చోట ఇనుప చట్రం ఒకటి వేలాడుతోంది. రెండు పక్కలా మేకుల మీద తగిలించి, అడుగున బరువు కట్టాడు. వేలితో తోస్తే ఊగింది.

“ఇది పొయ్యా, తొట్టెలా? పప్పుకు జోల పాడాల్నా?”

“కుంపటి ఇందులో కూర్చుంటాది. పడవ ఎటు ఒరిగినా గిన్నె మాత్రం ఒరగదు. ఓడల్లో ఇట్లే ఉంటాది. పుస్తకంలో చూసినా.”

“నేను వండేది పుస్తకంలో కాదు. ఇసుక పెట్టె చేసి, అందులో కుంపటి కదలకుండా బిగించు.”

“భాగ్యమ్మా, నువ్వు చెప్పినవన్నీ చేసినా. ఇదొక్కటి ఉండనీ.”

“ఇదుంటే నేను ఈ పడవలో కాలు పెట్టను.”

జనార్ధన్ ఒక్క క్షణం ఆ చట్రం వైపు చూశాడు. తర్వాత మెల్లగా మేకుల మీంచి తీసి, అడుగు చెక్కల కిందికి తోసేశాడు. ఆ రోజు ‘ఇంకా?’ అని అడగలేదు. గెలిచిన భాగ్యలక్ష్మికి ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

నాలుగో శనివారం రామసుబ్బయ్యే జీపులో దిగాడు. జరీ కండువా సర్దుకుంటూ పడవ చుట్టూ ఒకసారి తిరిగి, ఒడ్డున ఉన్నవాళ్లందరికీ వినబడేలా మొదలుపెట్టాడు.

“దూది చూస్తే రకం చెప్పలేడు. బేరం చెయ్యమంటే నిజం చెప్పేస్తాడు. ఇప్పుడు తెల్లోడు పారేసిన పడవలో పొయ్యి పెట్టుకుని కూచున్నాడు. ఏంరా, రేపు గాజులు కూడా తొడుక్కుంటావా?”

జనార్ధన్ తల వంచుకుని రంపం తుడుస్తున్నాడు.

నాలుగు వారాలుగా భాగ్యలక్ష్మి అతన్ని ఇంతకంటే ఎక్కువే అంది. అయినా అవే మాటలు ఇంకొకరి నోటినుంచి వినేసరికి ఆమెకు ఒళ్లు మండింది. ఎందుకో ఆలోచించే తీరిక లేదు. పడవలోంచి దిగి ఎదురుగా నిలబడింది.

“ఏం శెట్టీ, మీ మిల్లులో మిషను ఆగిపోతే ఎవురు బాగు చేస్తారు?”

“వీడే. ఇంకెవురు?”

“అయితే పని రానిది మీకన్నమాట.”

చెన్నమ్మ భయంతో “భాగ్యా!” అని కొంగు లాగింది. ఆమె ఆగలేదు.

“ఈ వంటింట్లో తప్పుంటే నేను చెప్పాల. మీరు యేనాడన్నా పొయ్యి ముందర కూచున్నారా? నలభై ఏండ్లుగా మీ ఇస్తట్లోకి అన్నం యాడనుంచి వస్తాండాదో తెల్సా?”

రామసుబ్బయ్య మొహం కందగడ్డయింది. “తెల్సుకుంటాలే. ఈసారి మా కార్తీక వనభోజనం ఈ పడవ మీదే. ఎనిమిది మందిమి వస్తాం. ఒడ్డుకు దిగేలోపల వేడి వేడి అన్నం, పప్పు నా ఇస్తట్లో పడాల. పడకపోతే ఈ పడవ మా బాయిలర్లోకి కట్టెలు.”

“పడతాది!” అంది భాగ్యలక్ష్మి.

జీపు వెళ్లిపోయింది. జనార్ధన్ మొట్టమొదటిసారి సూటిగా ఆమె కళ్లలోకి చూశాడు.

“పడవ నాది. ఒప్పుకునే ముందు నన్నొక మాట అడగాల్సింది.”

భాగ్యలక్ష్మి వెనక్కి చూడకుండా పోయి బండెక్కింది. మాట పడి ఊరుకోవడం ఆమెకు కొత్త.

వనభోజనం నాడు ఏరు నిండుగా, తూర్పు గాలి చల్లగా ఉంది. పడవ నడిపే యేసేపు తెరచాప ఎత్తాడు. రామసుబ్బయ్యా బంధువులూ ఎనిమిది మందీ పైన జంపఖానా మీద కూర్చుని, ఇది ఎప్పుడు మునుగుతుందా అన్నట్టు అంచులు పట్టుకున్నారు. పైన చెన్నమ్మ విస్తళ్లు సర్దుతోంది, కింద వంటింట్లో భాగ్యలక్ష్మి పీట మీద కూర్చుంది. అన్నీ చేతికందుతున్నాయి. అన్నం వార్చి పక్కన పెట్టింది. పప్పు ఉడికి, గుత్తితో ఎనపడానికి సిద్ధంగా ఉంది. ఇంకాసేపుంటే అయిపోయేదే.

వంపు తిరిగేచోట గాలి ఒక్కసారిగా విసురుగా కొట్టింది. పడవ పక్కకు ఒరిగింది. ఇసుక పెట్టెలో కుంపటి కదలలేదు. పడవతో పాటే ఒరిగింది. దాని మీది పప్పు గిన్నె మాత్రం జారి బోర్లాపడి, కందిపప్పంతా టేకు చెక్కల మీద పారింది.

పైనుంచి రామసుబ్బయ్య గొంతు: “ఏంరా, వాసన కిందనుంచి వస్తాండాది, పప్పు కూడా కిందనే పోతాండాదా?” ఎవరో నవ్వారు.

జనార్ధన్ పరుగెత్తుకొచ్చాడు. భాగ్యలక్ష్మి చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది.

“కాలిందా?”

తల అడ్డంగా ఊపింది. తర్వాత చాలా చిన్న గొంతుతో, “నీ ఉయ్యాల యాడ పెట్టినావు?” అంది.

అతను అడుగు చెక్క ఎత్తాడు. రెండు మేకులకు చట్రం తగిలించాడు. పట్టకారుతో కుంపటిని అందులోకి దించాడు. భాగ్యలక్ష్మి ఈసారి గబగబా పెసరపప్పు కడిగి పెట్టింది, తొందరగా ఉడుకుతుందని. పడవ ఇంకో రెండుసార్లు ఒరిగింది. వాళ్లిద్దరూ చెరో పక్కకూ తూలారు. గిన్నె మాత్రం ఇంట్లో పొయ్యి మీద ఉన్నంత నిదానంగా ఉడికింది.

“అడగకుండా నీ పడవను పందెం పెట్టినా,” అంది ఆమె గిన్నెనే చూస్తూ.

“అది సరే. నా తరపున మాట్లాడిన మనిషి అంతవరకు ఎవురూ లేరు,” అన్నాడు అతను తిరగమోతకు ఆవాలు అందిస్తూ.

మంత్రాలయం ఒడ్డు కనబడుతుండగా ఎనిమిది విస్తళ్లలో పొగలు కక్కే అన్నం, పప్పు పడ్డాయి. అందరూ తినడంలో పడ్డారు. రామసుబ్బయ్య మారు పప్పు వేయించుకున్నాడు. అందరూ అది చూశారు.

“పిల్లా, మాట నిలబెట్టుకున్నావు,” అన్నాడు చివరికి.

భాగ్యలక్ష్మి గరిటె కింద పెట్టింది. “నేను కాదు. నేను చెప్పిన పొయ్యి పప్పును నేలపాలు చేసింది. నిలబెట్టింది మీ కొడుకు చేసిన పొయ్యి. అది వద్దని నేనే పీకించినా. తప్పు నాది.”

చెన్నమ్మ నోరు తెరుచుకుని చూసింది. మేనకోడలి నోట ‘తప్పు నాది’ అన్న మాట ఆమె ఎన్నడూ వినలేదు. రామసుబ్బయ్య కొడుకు వైపు తిరిగాడు. కొత్తవాణ్ణి చూసినట్టు ఒకసారి చూశాడు. తర్వాత చెన్నమ్మను పిలిచాడు.

“చెన్నమ్మా, ఈ పిల్లను మా ఇంటికిస్తావా? మావాడు ఎట్లాగూ ఎదురు చెప్పడు. చెప్పేవాళ్లు ఒకరు కావాల.”

“దాన్నే అడుగప్పా. నేనిస్తే పోయే రకం కాదది.”

అందరి చూపులూ భాగ్యలక్ష్మి మీద వాలాయి. ఆమె జనార్ధన్‌ను పై నుంచి కిందికి చూసింది. “ఇన్ని మాటలంటే ఒక్కసారన్నా తిరిగి తిట్టినాడా? తిట్టడం రాని మనిషితో కాపురం ఎట్ల? ఏమప్పా, నా పనిలో నీకు ఒక్క తప్పన్నా కనపడలేదా?”

జనార్ధన్ గడ్డం గోక్కున్నాడు. “చెప్పమంటావా?”

“చెప్పు, చూద్దాం!”

“ఈ రోజు పప్పులో ఉప్పు వెయ్యలేదు.”

బంధువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భాగ్యలక్ష్మి చటుక్కున గిన్నె అంచున వేలు ముంచి నాకింది. మొహం పాలిపోయింది. గిరుక్కున రామసుబ్బయ్య వైపు తిరిగింది.

“నిజమా మామా? మరి మారు ఎందుకు వేయించుకున్నారు?”

“ఈసారన్నా ఉప్పు పడతాదేమోనని,” అన్నాడు రామసుబ్బయ్య.

పడవ దద్దరిల్లేలా నవ్వారు. వాళ్లు నవ్వేది ఉప్పుకేనని ఆమె కొంచెంసేపు అనుకుంది. జనార్ధన్ మాత్రం నవ్వకుండా, వెలిగిపోతున్న మొహంతో తననే ఎందుకు చూస్తున్నాడో అర్థం కాలేదు. అప్పుడు గానీ, ఆ పెద్దాయనను తాను ఏమని పిలిచిందో ఆమెకు తట్టలేదు.